ఈశాన్యం మూల మట్టిదిబ్బ

పోయిన వారం మన గౌతమిని తెనాలిలో, కరెంటు వాళ్ళ స్టోర్స్ గేటు ముందు, నెత్తి మాడ్చే ఎండలో నిలబెట్టి వదిలేశాం. గేటు లోపల ఒక పొడవాటి ట్రాలీ లారీ. దాని మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నది ఆమె ఏడాదికి పైగా ఎదురుచూస్తున్న ట్రాన్స్‌ఫార్మర్. కంటికి ఎదురుగానే ఉంది. చేతికి అందితే కదా!

మధ్యలో కథ అందుకున్న వాళ్ళ కోసం రెండు ముక్కలు. రేపల్లె పక్క వాడపాలెంలో గౌతమి ఐసు ఫ్యాక్టరీ కట్టింది. చీరాలలో చీరల వ్యాపారం చేసుకునే ఇంటి పిల్లకి ఈ చేపలూ ఐసూ ఎందుకే అని పుట్టింటి వాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. షెడ్డు లేచింది, కంప్రెసర్లు బిగించారు, నీళ్ళ ట్యాంకులు నిండాయి. కరెంటు మాత్రం లేదు. ఊరి సబ్‌స్టేషన్‌లో ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ రొయ్యల చెరువుల మోటార్లకే ఆయాసపడుతోంది. దాని పక్కన ఇంకో పెద్దది పెడితే తప్ప కొత్త కనెక్షన్ ఇవ్వలేమన్నారు. ఆ పెద్దది ఎక్కడుందయ్యా అంటే తయారుచేసే కంపెనీ దగ్గర వరుసలో ఉంది. దేశం మొత్తం ఒక్కసారే ట్రాన్స్‌ఫార్మర్లు కావాలని ఎగబడితే వాడపాలెం వంతు ఎప్పటికి వస్తుంది? నెలలు గడిచాయి. ఏడాది గడిచింది. చివరికి వచ్చింది, వచ్చి తెనాలిలో ఆగింది.

ఎందుకు ఆగిందంటే, దాన్ని దించడానికి వాడపాలెంలో దిమ్మె లేదు. అంత బరువున్న వస్తువును మట్టి నేల మీద పెట్టరు కదా, కాంక్రీటు దిమ్మె పోయాలి, అది ఆరి గట్టిపడటానికి వారాలు పట్టాలి. సబ్‌స్టేషన్‌కి స్థలం ఇచ్చిన దాత వెంకటప్పయ్య గారు ఆ మూల తవ్వనివ్వడం లేదు. అది ఈశాన్యమట! ఈశాన్యంలో బరువు పెడితే ఊరికి అరిష్టమట! తెనాలి కరెంటు ఆఫీసు డీఈ చంద్రకళ గారు గౌతమి మొహం చూసి జాలిపడి, ఎల్లుండి పొద్దున్న దాకా లారీ కదలకుండా చూస్తానన్నారు. ఆ తర్వాత మాత్రం అది బాపట్ల వైపు పోతుంది. అక్కడ దిమ్మె సిద్ధంగా ఉంది.

ఇదీ సంగతి. వేట నిషేధం ముగిసి పడవలు సముద్రం మీదికి వెళ్ళే రోజు ఇంకెంతో దూరం లేదు. పడవల వాళ్ళందరికీ ఐసు నేనిస్తానని గౌతమి మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంటే వాడపాలెంలో పాతుకుపోతుంది. నిలబెట్టుకోలేకపోతే ఈ సీజనూ పోయింది, ఊళ్ళో నమ్మకమూ పోయింది. అప్పుడిక షెడ్డుకి తాళం వేసి చీరాల బస్సెక్కడమే.

బస్సెక్కే రకం కాదు ఆ పిల్ల.

పొద్దున్నే స్నానం చేసి, ఫ్యాక్టరీ వ్యాన్ తనే నడుపుకుంటూ వెంకటప్పయ్య గారింటికి వెళ్ళింది. భర్త అజయ్ బాబు తానూ వస్తానన్నాడు. “నువ్వొస్తే ఆయన నీతోనే మాట్లాడతాడు, నా వంక చూడడు. నువ్విక్కడే ఉండు” అంది.

వెంకటప్పయ్య గారు వసారాలో పడక్కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. పెద్ద కమతం, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద పరువు. సబ్‌స్టేషన్ గేటు మీద ఆయన పేరు అడుగు ఎత్తు అక్షరాల్లో ఉంటుంది. రేపల్లె వెళ్ళేటప్పుడల్లా కారు అక్కడ నెమ్మదిస్తుందని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టినవాళ్ళు కూడా అంటారనుకోండి.

“రామ్మా, రా. కూర్చో. ఏమేవ్, కాఫీ!” అని లోపలికి కేకేశారు. “ఆ దిమ్మె సంగతైతే మాత్రం ఎత్తకు. ముందే చెప్తున్నా.”

“దాని కోసమే వచ్చాను బాబాయి గారూ.”

“అయితే కాఫీ తాగి వెళ్ళు.”

గౌతమి నవ్వేసింది. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. “మీరు కాదన్నా వింటాను. కానీ నన్ను ముందు చెప్పనివ్వండి. నిన్న తెనాలి వెళ్ళాను. ట్రాన్స్‌ఫార్మర్ని కళ్ళారా చూశాను. అది మనదే. మన ఊరి పేరు మీదే వచ్చింది. రేపీపాటికి బాపట్ల వాళ్ళదైపోతుంది. మళ్ళీ ఇంకోటి రావాలంటే ఎన్నాళ్ళో ఆ కంపెనీ వాళ్ళకే తెలీదు.”

“అది నా తప్పా? శాస్త్రం ఒప్పుకోదు. ఈశాన్యం అంటే ఏంటనుకున్నావ్? ఈశ్వరుడి స్థానం. అక్కడ అంత బరువు పెట్టి, పైగా నిప్పు లాంటి కరెంటు పారిస్తే ఊరు ఊరంతా అనుభవించాలి. పక్క మూల పెట్టుకోమను, నేనేమన్నా వద్దన్నానా?”

“పక్క మూల లైన్లున్నాయి బాబాయి గారూ. ఖాళీ ఉన్నది అదొక్కటే.”

“అయితే లేనట్టే.”

గౌతమి నిన్న రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న వాదాలు చాలా ఉన్నాయి. వాస్తు తెలిసిన వాళ్ళను ఇద్దరిని అడిగి కూడా వచ్చింది. అవన్నీ వరుసగా తీద్దామని గొంతు సవరించుకుంటుండగా, ఇంట్లో పనిచేసే నాగమ్మ మిల్లు నుంచి వచ్చిన బియ్యం బస్తా ఒకటి నడుమ్మీద మోసుకుంటూ వసారాలోకి వచ్చింది. ఆయాసంతో ఓ మూల దింపింది. దింపి చెంగుతో మొహం తుడుచుకుందో లేదో, వెంకటప్పయ్య గారు కుర్చీలోంచి అంత ఎత్తున లేచారు.

“ఓసి నీ తెలివి తెల్లారా! ఎక్కడే దించావ్? ఈశాన్యం మూలే దొరికిందా నీకు? ఎత్తు, ఎత్తు!”

“ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనివ్వండయ్యా.”

“ఆ ఊపిరేదో అవతల పీల్చుకో. ముందు బస్తా ఎత్తు!”

నాగమ్మ సణుక్కుంటూ బస్తాను ఈడ్చుకుపోయింది. వెంకటప్పయ్య గారు ఆ మూలకు వెళ్ళి, నేల మీద రాలిన నాలుగు గింజలు కూడా తన చేత్తోనే ఏరి తీసుకొచ్చారు. చూస్తున్న గౌతమికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

ఈయన నటించడం లేదు. వాస్తు అంటే ఈయనకి నిజంగానే ప్రాణం. ఇంట్లో ఈశాన్యం మూల బియ్యం బస్తా ఒక్క నిమిషం ఓర్చుకోలేని మనిషి. మరి అక్కడ, సబ్‌స్టేషన్‌లో, అదే ఈశాన్యం మూల ఆ మట్టిదిబ్బ ఏంటి?

గౌతమి ఈ ఊరు వచ్చిన రోజు నుంచీ చూస్తోంది దాన్ని. మనిషి నడుమెత్తు దిబ్బ. దాని మీద గడ్డి మొలిచింది, జిల్లేడు మొక్కలు లేచాయి. అక్కడ దిమ్మె పోయాలంటే ముందు ఆ దిబ్బ తియ్యాలని సబ్‌స్టేషన్ చూసే ఏఈ హనుమాన్‌ప్రసాద్ గారు ఎన్నిసార్లు అన్నారో. అదేదో ఎప్పటి నుంచో ఉన్న దిబ్బ అనుకుంది తప్ప, ఎవరు పోశారని అడగాలని ఎప్పుడూ తోచలేదు.

“బాబాయి గారూ, ఒక మాట అడగనా?”

“అడుగు.”

“ఈశాన్యం పల్లంగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, అంతేనా?”

“అంతే. చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.”

“మరి సబ్‌స్టేషన్ ఈశాన్యంలో అంత మట్టి ఎవరు పోశారండి?”

వెంకటప్పయ్య గారు కాఫీ గ్లాసు అందుకోబోయి ఆగిపోయారు.

“నాలుగైదు ట్రాక్టర్ల మట్టి ఉంటుంది. అంత మెరక ఉంటే మీరు చూస్తూ ఊరుకున్నారా? గింజలు ఏరిన మనిషి మట్టి ఏరించలేదేం?”

“అది... అదెప్పటిదో.”

“ఎప్పటిది?”

“ఎవరో పోశార్లేమ్మా. రోడ్డు పనుల వాళ్ళేమో. ఇప్పుడా సంగతెందుకు?”

పెద్ద గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. గౌతమి కళ్ళు దించలేదు. ఎదుటి మనిషి నీళ్ళు నములుతుంటే గుర్తుపట్టలేనంత అమాయకురాలు కాదు, చిన్నప్పటి నుంచి బేరాలు చూస్తూ పెరిగింది.

“ఆ మట్టి కింద ఏముంది బాబాయి గారూ?”

లోపలి నుంచి కాఫీ తెచ్చిన ఆయన భార్య రాఘవమ్మ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. కాసేపు మొగుడి వంక చూశారు. తర్వాత కాఫీ గౌతమి చేతికిచ్చి, చెంగుకు చేతులు తుడుచుకుని, కూర్చోకుండానే అన్నారు.

“చెప్పేయండి. ఇంకెన్నాళ్ళు మోస్తారు?”

“నువ్వు లోపలికెళ్ళు.”

“వెళ్ళను. మీరు చెప్తే వింటా, చెప్పకపోతే నేనే చెప్తా. దిమ్మె ఉందమ్మా గౌతమీ. ఆ మట్టి కిందే ఉంది.”

గౌతమి చేతిలో కాఫీ ఒలికి చీర మీద పడింది. పట్టించుకోలేదు. “దిమ్మె... ఉందా?”

“నిక్షేపంలా ఉంది. నువ్వు మా ఊరు రాకముందే పోశారు.”

ఇక దాచి లాభం లేదని తేలిపోయాక వెంకటప్పయ్య గారు కుర్చీలో వెనక్కి వాలారు. గోడ వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టారు.

మూడేళ్ళ కిందట, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మంజూరైందని తెలిసినప్పుడు ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మూడు నెలల్లో వచ్చేస్తుందని అప్పటి ఇంజనీర్లు చెప్పారు. చెప్పిన మాట నమ్మి ఆయన ఊరంతా చాటారు. దిమ్మె పోసిన రోజు గునపం ఆయనే వేశారు. వాస్తు మాటేమిటంటే, సిద్ధాంతి గారు దానికి పరిహారం చెప్పారు, అదీ చేయించారు. పులిహోర, బూందీ, చక్కెర పొంగలి పెట్టి ఊరందరికీ భోజనాలు. రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. వాటి మీద నవ్వుతూ దండం పెడుతున్న వెంకటప్పయ్య గారు.

దిమ్మె ఆరింది. మూడు నెలలయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. ఇంకో మూడు నెలలన్నారు. అదిగో బయల్దేరిందన్నారు, రాలేదు. ఇదిగో వచ్చేసిందన్నారు, అది వేరే ఊరిది. ఫ్లెక్సీలు ఎండకి వెలిసిపోయాయి, గాలికి చిరిగిపోయాయి. దిమ్మె మీద మేకలెక్కి పడుకునేవి. లైన్‌మన్లు టిఫిన్లు తినేవాళ్ళు. మధ్యాహ్నం పూట పేకాట కూడా మొదలైంది. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న: ఏం వెంకటప్పయ్య గారూ, ఎంతవరకూ వచ్చిందండీ?

“అయినా ఓర్చుకున్నానమ్మా” అన్నారాయన. “పొన్నూరులో మా వాళ్ళ పెళ్ళి. బంతిలో కూర్చున్నాం. మా బావమరిది, ఈవిడ తమ్ముడు, బసవేశ్వరరావు. బాపట్ల పక్కన ఉంటాడు. వాడు వడ్డించే వాళ్ళను ఆపి మరీ అన్నాడు, ‘మా బావగారు ఊరికి కరెంటు తెస్తానని అరుగు తెచ్చాడర్రా! పేకాటకి మహా బాగుందట!’ అని. బంతి మొత్తం నవ్వింది. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు.”

“వాడికి నోటి దురద ఎక్కువ. మనసు మంచిదే” అన్నారు రాఘవమ్మ గారు.

“పెరుగన్నం దాకా కూర్చోలేకపోయాను. లేచి వచ్చేశాను. మర్నాడు ట్రాక్టర్లు పిలిచి మట్టి పోయించాను. కంటికి కనపడకపోతే చాలనుకున్నా. తర్వాత ఇంజనీర్లు మారారు. ఈ హనుమాన్‌ప్రసాద్ కొత్తగా వచ్చి, ఇక్కడ దిమ్మె పోయాలండీ, తవ్వుతామండీ అంటే ఏం చెప్పను? దిమ్మె పోసి పూడ్చుకున్నానని చెప్పనా? ఈశాన్యం అన్నాను. ఆ మాటకి ఎదురు చెప్పేవాడు ఉండడు కదా.”

గౌతమికి కోపం తన్నుకొచ్చింది. ఎన్ని ఆఫీసులు తిరిగింది! ఎన్ని పొద్దులు అన్నం మానేసింది! అదంతా ఈ పెద్దమనిషి పెళ్ళి బంతిలో నొచ్చుకున్నందుకా? ఆ కోపం నోటిదాకా వచ్చింది. కానీ గోడ వంక చూస్తున్న ఆ మొహం చూసేసరికి, తన షెడ్డు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ‘ఏమ్మా, ఐసు ఎప్పుడు?’ అని అడిగిన రోజులు గుర్తొచ్చాయి. అలా అడుగుతారని సందు దారిన ఇంటికెళ్ళిన రోజులూ గుర్తొచ్చాయి. తన దగ్గర ట్రాక్టర్లు లేవు గానీ, ఉంటే తనేం చేసేదో!

“ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందని తెలిశాకైనా చెప్పొచ్చు కదండీ” అంది, గొంతు తగ్గించి.

“ఎన్నిసార్లు వచ్చిందన్నారమ్మా! ఊళ్ళోకి వచ్చాక, కళ్ళతో చూశాక మట్టి తీయిద్దామనుకున్నా. దిమ్మె లేకపోతే ఊళ్ళోకే రానివ్వరని నాకేం తెలుసు?”

అదండీ వరస. అది రాలేదని ఈయన దిమ్మె పూడ్చాడు, దిమ్మె లేదని అది రావడం లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక గౌతమి నవ్వేసింది. ఆ నవ్వులో వెక్కిరింత లేదని ఆయనకీ తెలిసింది కాబోలు, మొహం కాస్త తేటపడింది.

“బాబాయి గారూ, లేవండి. మట్టి తీద్దాం.”

“నువ్వు మీ ఆయన్నీ, ఇద్దరు మనుషుల్నీ పెట్టుకుని చేయించు. గోల లేకుండా, మధ్యాహ్నం జనం నిద్రపోయే వేళ...”

“అంత వ్యవధి లేదండీ. జేసీబీ కావాలి, ఏఈ గారు కావాలి, మీరు కావాలి. ఊరంతా చూస్తుంది. చూడనివ్వండి.”

“నన్ను చూసి నవ్వుతారే.”

“ఎవరు నవ్వుతారండీ?” రాఘవమ్మ గారు అందుకున్నారు. “ఆ మట్టి ఎవరి ట్రాక్టర్లు తోలాయి? ఈ ఊరివే కదా! అందరికీ తెలుసు. మీరు నొచ్చుకుంటారని ఇన్నాళ్ళూ ఒక్కడు నోరు విప్పలేదు. ఆ పులిహోర తిన్నవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. మీరొక్కరే అరిగించుకోలేకపోయారు.”

వెంకటప్పయ్య గారు భార్య వంక ఆశ్చర్యంగా చూశారు. పెళ్ళయి అర్ధశతాబ్దం అయ్యాక కూడా మనిషిని ఆశ్చర్యపరచగలిగిన ఆవిడంటే మామూలు ఆవిడ కాదు మరి. ఆయన లేచారు. చెప్పులు తొడుక్కుని పెరట్లోకి వెళ్ళి పార తెచ్చుకున్నారు. ఇస్త్రీ చొక్కా మీద పార భుజాన వేసుకుని వీధిలోకి నడిచారు. వ్యాన్ ఎక్కమంటే ఎక్కలేదు. రాఘవమ్మ గారిని ఎక్కించుకుని గౌతమి ఆయన వెనకే నెమ్మదిగా నడిపింది.

కాఫీ హోటల్ ముందు నుంచే వెళ్ళారు. బెంచీల మీద కూర్చున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకాయన అడగబోయి ఆగాడు. ఆయన వెళ్తున్న దిక్కు చూశారు, భుజాన ఉన్న పార చూశారు, విషయం అర్థమైంది. ఒకరి తర్వాత ఒకరు ఇళ్ళల్లోకి వెళ్ళి పారలు, గంపలు పట్టుకొచ్చారు. ఒక్కరు నవ్వితే ఒట్టు.

సబ్‌స్టేషన్‌లో హనుమాన్‌ప్రసాద్ ఈ ఊరేగింపు చూసి కంగారుపడి గేటు దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. ఏదో గొడవకి వస్తున్నారనుకున్నాడు పాపం.

“మేడమ్, ఏంటండి ఇదంతా?”

“దిమ్మె చూపిస్తాం రండి సార్.”

“ఏ దిమ్మె అండి?”

జేసీబీ వచ్చేదాకా కూడా ఆగలేదు జనం. మొదటి పార మట్టి వెంకటప్పయ్య గారే తీశారు. పైమట్టిని ఆ తర్వాత జేసీబీ ఎత్తిపోసింది, అడుగుమట్టిని చేతులతోనే తీశారు. మట్టి జారిన చోట ముందు నున్నటి అంచు కనపడింది. తర్వాత ఒక పక్క మొత్తం కనపడింది. తర్వాత దాని మీద బిగించిన ఇనప పట్టాలు రెండూ బయటపడ్డాయి. హనుమాన్‌ప్రసాద్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. తేరుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సుత్తితో అక్కడా ఇక్కడా కొట్టి చప్పుడు విన్నాడు. టేపు పట్టి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు.

“చిన్న పగులు లేదండి” అన్నాడు. “పట్టాలు కూడా సరిగ్గా సరిపోతాయండి. తుప్పు గీకితే చాలు. ఈ పూటే దించుకోవచ్చండి!”

అజయ్ బాబు గౌతమిని అందరి ముందే పట్టుకుని ఊపేశాడు. ఎవరో ఈల వేశారు. గౌతమికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, ఎందుకు తుడుచుకోవాలి? ఫోటోలు తీసి చంద్రకళ గారికి పంపి, వెంటనే ఫోన్ చేసింది. అందరూ వినాలని స్పీకర్ పెట్టింది.

“ఫోటోలు చూశాను గౌతమి గారూ” అన్నారు చంద్రకళ. గొంతులో సంతోషం లేదు. “ఇదే నిన్న చూపించి ఉంటే ఎంత బాగుండేది! క్రేన్ ఈ ఒక్కరోజే దొరికిందండి. పొద్దున నుంచీ మీకు చేస్తూనే ఉన్నాను, మీరు ఫోన్ ఎత్తడం లేదు. ఆఖరికి లారీ పంపించేశాను. బాపట్ల దారిలో ఉంది. ఇప్పటికి పొన్నూరు దాటేసి ఉంటుంది.”

ఫోన్ వ్యాన్‌లో వదిలేసి వసారాలో కూర్చున్నందుకు గౌతమి తనను తాను తిట్టుకుంది. కానీ వెనక్కి తగ్గలేదు. “దించేశారా మేడమ్?”

“ఇంకా లేదు. దించి పట్టాలెక్కించారంటే ఇక నా చేతుల్లో లేదు. దించకపోతే తిప్పించగలను, కాగితం ప్రకారం అది మీదే కాబట్టి. కానీ అక్కడ ఊరంతా దండలు పట్టుకుని నిలబడి ఉందండి. వాళ్ళూ ఏడాది నుంచి చూస్తున్న వాళ్ళే. వాళ్ళని ఒప్పించకుండా నేను లారీ తిప్పమంటే అక్కడ రభస అవుతుంది. ఏమని చెప్పమంటారు?”

అక్కడ దండలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఆమెకు చెప్పక్కర్లేదు. అంతలో ఓ మట్టి చెయ్యి వచ్చి ఆమె చేతిలోని ఫోన్ తీసుకుంది.

“అమ్మా, నేను వెంకటప్పయ్యని. స్థలం ఇచ్చిన వాడిని. దిమ్మె మూడేళ్ళ నుంచీ ఉంది. మట్టి కప్పించింది నేను. మీ ఇంజనీర్లకి అబద్ధం చెప్పింది నేను. ఈ పిల్ల తప్పు ఏమీ లేదు. తప్పంతా నాది.”

చుట్టూ ఉన్న వాళ్ళు పారలు దించి ఇంకాస్త దగ్గరికి జరిగారు.

“ఈ మాట నాకు కాదండి చెప్పాల్సింది” అన్నారు చంద్రకళ, ఈసారి మెత్తగా. “అక్కడ ఆ ఊరి తరఫున అన్నీ చూస్తున్న పెద్దమనిషికి చెప్పాలి. ఆయన సరేనంటే నేను క్షణంలో తిప్పిస్తాను. బసవేశ్వరరావు గారని...”

వెంకటప్పయ్య గారు కళ్ళు మూసుకున్నారు. ప్రపంచంలో ఇంతమంది ఉండగా, వాడా! వాడి ముందా!

గౌతమి ఆయన మోచెయ్యి పట్టుకుంది. “వద్దనుకుంటే ఆగిపోదాం బాబాయి గారూ. మీరు ఇప్పటికే చాలా చేశారు. నేనొక్కదాన్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడతాను.” పైకి అంది గానీ, తనొక్కతే వెళ్తే పని కాదని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

“వ్యాన్ తియ్యి” అన్నారు వెంకటప్పయ్య గారు.

ఆయన ముందు సీట్లో ఎక్కారు. వెనక తలుపు తీసుకుని రాఘవమ్మ గారు కూడా ఎక్కేశారు. “నువ్వెందుకే?” అంటే, “వాడు నా తమ్ముడు. నోరు జారితే చెవి మెలెయ్యడానికి నేనుండాలి” అన్నారు. గౌతమి గేరు మార్చింది. వాడపాలెం మొత్తం రోడ్డు మీదికి వచ్చి చేతులూపుతుండగా వ్యాన్ మలుపు తిరిగింది.

రేపల్లె దాటారు. వెంకటప్పయ్య గారు గోళ్ళలో ఇరుక్కున్న మట్టి తీసుకుంటూ, పెదాలు కదుపుతూ ఏదో కూడబలుక్కుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలో వల్లె వేసుకుంటున్నారని గౌతమికి అర్థమైంది. అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. చూసి, గతుక్కుమన్నారు. స్పీకర్ నొక్కి ఒళ్ళో పెట్టుకున్నారు.

“బావా! బాగున్నావా?” అవతల గొంతు ఎంత ఉషారుగా ఉందో! వెనక బాజాలు మోగుతున్నాయి. “అలిగి రెండేళ్ళయింది, ఇక చాల్లే బావా. మా ఊరికి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసింది. ఇదిగో, లారీ ఇప్పుడే ఊళ్ళోకి దిగింది, క్రేన్ కూడా రెడీ. పొన్నూరు పెళ్ళిలో నేనన్న మాట తప్పే బావా, తర్వాత చాలా బాధపడ్డాను. అందుకే మా వాళ్ళందరికీ చెప్పేశాను, టెంకాయ మా బావగారే కొట్టాలని. ఆయన చేత్తో కొడితేనే దించుదామన్నాను. వస్తావా బావా? నా మీద కోపం ఉంటే మాత్రం రావద్దు. ఏమంటావ్?”

గౌతమి కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్ళింది. వెనక సీట్లో రాఘవమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకటప్పయ్య గారు ఒళ్ళో ఉన్న ఫోన్‌ని చూశారు, గౌతమిని చూశారు, ఎదర ఉన్న రోడ్డును చూశారు. రెండేళ్ళుగా ఏ మనిషి నోట ఏ మాట వినాలని ఎదురుచూశారో, ఆ మనిషి ఆ మాట అననే అన్నాడు. అది విన్న ఆయన ఇప్పుడు అక్కడికి వెళ్ళి చెయ్యాల్సింది, వాళ్ళ నోటి దగ్గర ముద్ద లాగేసుకోవడం!

“వస్తున్నాను బసవా” అన్నారు ఆయన. “నేను వచ్చేదాకా మాత్రం దాన్ని దించనివ్వకు.”